జీడి తోటలో ఎదురుపడితే

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మార్చి వచ్చిందంటే తోటల్లో కాలు పెట్టడానికి చోటుండదు. నేలంతా ఎర్రగా, పసుపుగా జీడిమామిడి పళ్ళే. వాటినెవరూ చెట్టెక్కి కోయరు. పిక్క చెట్టు మీదే ముదిరి, పండుతో సహా తనంతట తాను రాలితేనే గింజకు బరువు, పలాస బజారులో దానికి ధర. పొద్దున్నే వెళ్ళి, నడుం వంచి, పండు నుంచి పిక్కను మెలితిప్పి వేరు చేసి సంచిలో వేసుకుంటారు. పండును అక్కడే వదిలేస్తారు. దాన్ని కొనేవాళ్ళు లేరు. రెండు రోజుల్లో అది ఎండకు పులిసి ఊరి దాకా వాసన కొడుతుంది.

మనకే ఊరి దాకా కొట్టే వాసన ఎలుగుబంటికి ఎంత దూరం తెలుస్తుందో ఆలోచించండి. దాని చూపు అంతంతమాత్రం, వినికిడి కూడా పెద్ద గొప్పదేం కాదు. ముక్కే దానికి కళ్ళూ చెవులూ. నేల లోపలున్న చెదలను, పురుగులను పైనుంచే వాసన పట్టి తవ్వుకుంటుంది. రాత్రంతా తోటలో తిని, వెలుగు రాకముందే పొదల్లోకి తప్పుకోవడం దాని అలవాటు. వెలుగు వస్తూండగా తోటలోకి వెళ్ళడం మనిషి అలవాటు. శ్రీకాకుళం జిల్లా తీరంలో ఎలుగు దాడి వార్త చదివినప్పుడల్లా నాకు మొదట తోచేది ఇదే. ఇద్దరూ ఒకే చెట్టు కిందికి, ఒకే గడియలో, ఒకరికొకరు తెలియకుండా వస్తున్నారు.

2018 జూన్‌లో సోంపేట మండలం ఎర్రముక్కాంలో ఎలుగు దాడికి దంపతులిద్దరూ బలైపోయారు. మరికొందరు గాయపడ్డారు. కోపంతో, భయంతో ఊరంతా కదిలి ఆ జంతువును చంపేసింది. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో తోటకు వెళ్ళిన ఒకరు చనిపోయారు. మర్నాడు అదే ప్రాంతంలో మరికొంతమందిని ఎలుగు చీరేసింది. ఆ మరుసటి రోజు మత్తు ఇచ్చి పట్టుకున్నారు కానీ విశాఖ జూకు తీసుకెళ్తుండగా అది చనిపోయింది. 2024 మార్చిలో అదే మండలంలో అనకాపల్లి అనే పల్లెలో (విశాఖ పక్కనున్న అనకాపల్లి కాదు) జీడి తోటలో ఇద్దరు మగవాళ్ళు చనిపోయారు, ఒక మహిళకు తీవ్ర గాయాలయ్యాయి.

మూడు ఘటనలు, మూడు పల్లెలు. నెలలు గమనించారా? మార్చి, జూన్, జూన్. మార్చిలో జీడి, జూన్‌లో పనస. ఉద్దానం పనసకు ఎంత పేరో ఆ జిల్లా వాళ్ళకు చెప్పక్కర్లేదు. మనం పంట క్యాలెండర్ అనుకునేది ఎలుగుకు భోజనాల క్యాలెండర్. ఈ ముక్క అర్థమైతే ప్రమాదం ఎప్పుడొస్తుందో ముందే చెప్పొచ్చు. ఎప్పుడొస్తుందో తెలిసిన ప్రమాదాన్ని విధి అని సరిపెట్టుకోవడం నాకు చేతకాదు.

వేటాడదు, భయపడుతుంది

ఎలుగు మనిషిని తినడానికి రాదు. దాని నోటి నిర్మాణమే చీమలకు, చెదలకు తగ్గట్టు మారింది. పైవరసలో ముందుపళ్ళు రెండు ఉండవు. ఆ సందులోంచి చెదలను గాలితో పాటు లోపలికి పీల్చుకుంటుంది. దుమ్ము ముక్కులోకి పోకుండా ముక్కురంధ్రాలు మూసుకోగలదు. చెదపుట్టను తవ్వి, మట్టిని ఊది, పురుగును పీల్చే ఆ చప్పుడు వంద మీటర్ల అవతలికీ వినిపిస్తుంది. ఆ చప్పుడులో దానికి మన అడుగుల సవ్వడి వినిపించదు. తల పుట్టలో ఉంటుంది, గాలి అటునుంచి ఇటు వీస్తుంటే మన వాసనా అందదు. తల ఎత్తి చూసేసరికి పది అడుగుల్లో మనిషి.

అప్పుడు అది ఎందుకు పారిపోదు? ఇక్కడే ఈ జంతువు కథ మిగతా ఎలుగుల కథ కంటే వేరు. ఇది పుట్టి పెరిగింది పెద్దపులులు, చిరుతలు తిరిగే నేల మీద. చెదల కోసం పొడవాటి గోళ్ళు పెంచుకుంది. ఆ గోళ్ళతో చెట్టెక్కగలదు కానీ, చెట్టెక్కితే చిరుత కూడా ఎక్కుతుంది. పరిగెత్తి పులిని తప్పించుకోలేదు. పిల్లలను వీపు మీద మోసుకుని తిరిగే ఎలుగు ఇదొక్కటే. వీపు మీద పిల్ల ఉన్న తల్లి ఎటు పారిపోతుంది? కాబట్టి దానికి ప్రకృతి నేర్పింది ఒకటే దారి. దగ్గరకొచ్చిన దాని మీద ముందు తానే పడాలి, గట్టిగా అరవాలి, రెండు దెబ్బలు కొట్టాలి, సందు దొరకగానే పోవాలి. పులి దగ్గర లక్షల ఏళ్ళు పనికొచ్చిన పాఠం అది. జీడిపిక్కలు ఏరుకునే మనిషి దగ్గర కూడా అదే పాఠం అప్పజెబుతుంది.

అందుకే ప్రపంచంలో ఉన్న ఎనిమిది రకాల ఎలుగుల్లో మనుషుల మీద ఎక్కువగా దాడి చేసేది మన ఎలుగే. మధ్యప్రదేశ్‌లో 1989 నుంచి 1994 వరకు ఐదేళ్ళలో 735 మంది మీద దాడులు జరిగాయని, వారిలో 48 మంది చనిపోయారని పరిశోధకులు లెక్క తేల్చారు. ఛత్తీస్‌గఢ్‌లోని ఉత్తర బిలాస్‌పూర్‌లో 1998 – 2000 మధ్య 137 దాడుల్లో 11 మంది పోయారు. ఈ లెక్కలను రెండు రకాలుగా చదవాలి. నూటికి తొంభై మందికి పైగా బతికారు, ఎందుకంటే అది చంపి తినాలని రాలేదు. అలాగని బతికినవాళ్ళకు దక్కింది మునుపటి బతుకు కాదు. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

అమెరికా సలహా ఇక్కడ పనికిరాదు

ఫోన్లలో చక్కర్లు కొట్టే వీడియోల వల్ల ఒక పెద్ద గందరగోళం పుట్టింది. ఎలుగు ఎదురైతే చేతులు పైకెత్తి పెద్దగా కనిపించండి, కేకలు వేయండి, మీద పడితే తిరగబడి కొట్టండి అని వాటిలో చెబుతారు. అది అమెరికా నల్ల ఎలుగు గురించి చెప్పిన సలహా. అక్కడ అది సరైనదే. కెనడా శాస్త్రవేత్త స్టీఫెన్ హెరెరో, ఆయన సహచరులు 1900 నుంచి 2009 వరకు ఆ జాతి ఎలుగుల వల్ల అమెరికా, కెనడాల్లో చనిపోయిన 63 మంది కేసులను ఒక్కొక్కటిగా పరిశీలించి 2011లో ప్రచురించారు. ప్రాణాంతక దాడుల్లో 88 శాతం ఆకలితో, వేటగా చేసినవే. వాటిలోనూ 92 శాతం మగ ఎలుగులవి. పిల్లల తల్లి వల్ల చావులు చాలా అరుదు. అక్కడి తల్లి పిల్లలను చెట్టెక్కించి తానూ తప్పుకోగలదు. వేటకొచ్చిన జంతువు ముందు చచ్చినట్టు పడుకుంటే దానికి పని తేలికవుతుంది, అందుకే అక్కడ తిరగబడమంటారు.

అక్కడున్న మనవాళ్ళకు కూడా ఇది అవసరమైన సంగతే. న్యూజెర్సీలో తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. శని, ఆదివారాల్లో అడవి దారుల్లో నడకకు వెళ్ళడం వాళ్ళకు అలవాటు. 2014 సెప్టెంబరులో ఆ రాష్ట్రంలోని వెస్ట్ మిల్‌ఫర్డ్ దగ్గర అప్షావా అడవిలో, నడకకు వెళ్ళిన ఐదుగురు మిత్రుల వెంట ఒక నల్ల ఎలుగు పడింది. ఎదురొచ్చినవాళ్ళు ముందే హెచ్చరించారు. అయినా ముందుకెళ్ళారు, ఫొటోలు తీశారు. అది దగ్గరకు వస్తుంటే తలో దిక్కుకు పరిగెత్తారు. రట్గర్స్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న 22 ఏళ్ళ భారత సంతతి యువకుడు తిరిగి రాలేదు. న్యూజెర్సీలో నల్ల ఎలుగు వల్ల చనిపోయినట్టు నమోదైన మొదటి మనిషి అతనే. ఐదుగురూ ఒక్కచోట గుంపుగా నిలబడి, మొహం దానివైపే ఉంచి, గట్టిగా అరుస్తూ మెల్లగా వెనక్కి వచ్చి ఉండాల్సింది. ఆ జాతి ఎలుగు దగ్గర పరుగు పెట్టడం, విడిపోవడం రెండూ ప్రమాదమే.

మన ఎలుగు దగ్గర ఒకటి మాత్రం సమానం, పరుగు పెట్టకూడదు. గంటకు ముప్పై కిలోమీటర్లు తగ్గకుండా ఉరకగల జంతువును ఇసుక నేలలో ఎవరు దాటిపోగలరు? మిగతాదంతా తేడా. దూరంలో ఉండగా కనిపిస్తే, అది మనల్ని చూడకపోతే, చప్పుడు చేయకుండా వచ్చిన దారినే వెనక్కి రావాలి. దగ్గరపడ్డాక చేతులు ఊపి కేకలు వేస్తే దాని భయం ఇంకా పెరుగుతుంది. చేతిలో పొడవాటి కర్ర ఉంటే దాన్ని మధ్యలో అడ్డంగా ఉంచుకుంటూ వెనక్కి జరగాలి. మీదికి వచ్చేసిందంటే, నేల మీద బోర్లా పడుకుని, మొహం నేలకు ఆనించి, రెండు చేతుల వేళ్ళు మెడ వెనక పెనవేసి కదలకుండా ఉండాలి. ఈ జాతిని ఏళ్ళ తరబడి చదివినవాళ్ళు చెబుతున్న పద్ధతి ఇది. చదువుతుంటే అసాధ్యమనిపిస్తుంది. కానీ మన ఎలుగుకు కావాల్సింది ఎదుటి ప్రాణి ఇక ప్రమాదం కాదన్న నమ్మకం. అది కుదిరాక ఎక్కువసేపు అక్కడ ఉండదు. మొహం, మెడ కాపాడుకోగలిగితే చాలావరకు మనిషి దక్కుతాడు.

మొహం గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. దగ్గరికొచ్చాక ఎలుగు వెనక కాళ్ళ మీద లేచి నిలబడుతుంది. అప్పుడు దాని పంజా ఎత్తు సరిగ్గా మనిషి తల ఎత్తు. మూడు అంగుళాల వంకర గోళ్ళు. కన్ను పోవడం, ముక్కు తెగిపోవడం, దవడ విరగడం, నెత్తి చర్మం ఊడిరావడం ఈ దాడుల్లో మామూలు గాయాలు. బతికి బయటపడినవాళ్ళకు ఒకటి కాదు, వరసగా ఆపరేషన్లు కావాలి. చిన్న పట్టణంలో ప్లాస్టిక్ సర్జన్ దొరకడు. పెళ్ళి కావలసిన పిల్లకో, ఇంటికి సంపాదించి పెట్టే మనిషికో మొహం పోవడమంటే ఏమిటో వివరించక్కర్లేదు. ప్రభుత్వ పరిహారం చావుకు ఒక మొత్తం, గాయానికి ఒక మొత్తంగా వస్తుంది. మొహం పోయిన గాయాన్ని మామూలు గాయాల ఖాతాలో రాయడం అన్యాయం. ఏళ్ళ తరబడి సాగే ఆ వైద్యం ఖర్చును మొదటి రోజు నుంచి చివరి ఆపరేషన్ దాకా ప్రభుత్వమే భరించాలి.

ఇంకో మాట, ఎక్కువమంది మరిచిపోయేది. అడవి జంతువు కరిచినా, గోరు గీరినా రేబిస్ అనుమానం ఉన్నట్టే లెక్క. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగాలి. టెటనస్ ఇంజెక్షన్‌తో పాటు రేబిస్ టీకా, గాయం చుట్టూ ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ మందు రెండూ పడాలి. కుక్క కాదు కదా అని వదిలేయకూడదు.

కొండకూ కడలికీ మధ్య

ఉద్దానం ఎలుగులు ఎక్కడి నుంచి వచ్చాయని అందరూ అడుగుతారు. పడమట ఒడిశా సరిహద్దులో మహేంద్రగిరి కొండలు. తూర్పున సముద్రం. మధ్యలో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో పరుచుకున్న కొబ్బరి, జీడి, పనస తోటలు, వాటి మధ్య ఇసుక దిబ్బలు, మొగలి పొదలు, తుప్పలు. ఈ నేలను నిలువునా చీల్చుతూ హౌరా – చెన్నై రైలుమార్గం, పదహారో నంబరు జాతీయ రహదారి పోతున్నాయి. కొండ వైపు నుంచి దిగిన ఎలుగుకు తిరిగి వెళ్ళే దారి అంత సులువు కాదు. వెళ్ళాల్సిన అవసరమూ కనిపించదు. తోటల్లో నీడ ఉంది, చెదలున్నాయి, మార్చి నుంచి జూన్ దాకా పండు ఉంది. రాత్రిళ్ళు గుళ్ళలో దీపారాధన నూనె, కొబ్బరి ముక్కలు, కిరాణా కొట్ల వెనక పారేసినవి ఉన్నాయి. తల్లి దగ్గర పిల్ల రెండేళ్ళు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ కాలం ఉంటుంది. ఆ రెండేళ్ళలో తల్లి ఏ తోటకు తీసుకెళ్తే అదే దానికి అడవి. అక్కడ పుట్టి పెరిగిన ఎలుగును అడవిలోకి తరిమేయమంటే అది ఎక్కడికని పోతుంది?

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను సరిగ్గా ఈ నేల మీదే తీరం దాటింది. తరాలుగా పెంచుకున్న కొబ్బరి, జీడి చెట్లు ఒక్క రాత్రిలో వేళ్ళతో సహా పడిపోయాయి. మనుషుల బతుకు చెదిరినప్పుడు ఆ తోటల్నే నమ్ముకున్న జంతువు బతుకు చెదరకుండా ఎలా ఉంటుంది! కిడ్నీ జబ్బుతో ముందే కుంగిపోయిన ప్రాంతం అది. ఇంట్లో ఒకరు డయాలసిస్‌కు వెళ్తుంటే, పిక్కలు ఏరడానికి ఆడవాళ్ళు ఒంటరిగానైనా తోటకు వెళ్ళక తప్పదు. చీకట్లో వెళ్ళకండి అని పత్రికలో రాయడం తేలిక, ఆ మాట వినే వెసులుబాటు వాళ్ళకు ఉందా అన్నదే ప్రశ్న.

ఈ జంతువుతో మన సంబంధం భయం ఒక్కటే కాదు. రాముడి పక్షాన నిలిచిన పెద్దమనిషి జాంబవంతుడు మనకు పూజ్యుడు. ముక్కుతాడు వేసిన ఎలుగును ఊరూరా ఆడిస్తూ తిప్పిన రోజులు పెద్దవాళ్ళకు గుర్తే. పిల్లలకు దడుపు పోవాలని దాని వీపు మీద కూర్చోబెట్టేవాళ్ళు, దాని వెంట్రుకలు పెట్టి తాయెత్తు కట్టించేవాళ్ళు. 1998లో ఎలుగులను ఆటకు శిక్షణ ఇవ్వడం, ప్రదర్శించడం నిషేధించారు. 2009 నాటికి దేశంలో ఆట ఎలుగుల శకం ముగిసిందని ప్రకటించారు. ముక్కుతాడుతో చూసిన ఎలుగే మన కళ్ళలో ఎలుగు. పళ్ళూ గోళ్ళూ పీకేసి, తాడు కట్టేసిన ఆ దీన జంతువును చూసి, తోటలోదాన్ని కర్రతో అదిలించవచ్చని అనుకోవడం ఎంత ప్రమాదమో.

రెండో గంట

ఇక నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం. మొదటి దాడి ఎలుగుకూ మనిషికీ మధ్య జరిగేది. తర్వాత జరిగేది వేరు. కబురు అందగానే వందలమంది తోట చుట్టూ చేరతారు. కర్రలు, బల్లేలు, ఫోన్లు. పగటి వెలుగులో, వేసవి ఎండలో, దట్టమైన నల్ల బొచ్చుతో ఆ జంతువు ఒక తుప్పలో నక్కి ఉంటుంది. ఏ వైపు కదిలినా మనుషులే. దాని దగ్గరున్న దారి ఒక్కటే, అందరికన్నా దగ్గరున్న మనిషి మీదుగా. ఒకే చోట వరసగా నలుగురు, ఆరుగురు గాయపడ్డారని చదివినప్పుడు అది పగబట్టిందనుకుంటాం. గుంపు తన చుట్టూ వలయం కట్టిందని దానికి తెలుసు, మనకే తెలియదు.

ఊరివాళ్ళను తిట్టడానికి ఈ మాట అనడం లేదు. పొద్దున పక్కింటి మనిషి శవం చూసినవాళ్ళు వాళ్ళు. చేతులు కట్టుకుని కూర్చోమని చెప్పే హక్కు నాకు లేదు. ఆ గంటలో అక్కడ ఉండాల్సినవాళ్ళు లేకపోవడమే నా కోపం. ఎలుగుకు మత్తు సూది వేయాలంటే పశువైద్యుడు, శిక్షణ ఉన్న గురికాడు, పంజరం, వాహనం కావాలి. పెద్ద ఘటన అయితే జూ బృందం విశాఖ నుంచి బయల్దేరాలి. పలాస, సోంపేటలకు దాదాపు రెండు వందల కిలోమీటర్లు. వాళ్ళు వచ్చేదాకా గడిచే ఆ గంటల్లోనే గుంపు పెరుగుతుంది, జంతువు బెదురుతుంది, గాయాల లెక్క పెరుగుతుంది. పైగా మత్తు మందు తగిలిన క్షణంలో పనిచేయదు, నిమిషాలు పడుతుంది. బెదిరి పరిగెత్తే జంతువుకు ఇంకా ఆలస్యం. ఎండలో తరిమి తరిమి అలిసిపోయిన దానికి మత్తిస్తే ఒంటి వేడి అదుపు తప్పి ప్రాణం పోవచ్చు. ఎలుగును బతికించాలన్నా, మనుషులను బతికించాలన్నా మొదటి పని గుంపును ఆపడం. ఆ పని పోలీసులది, రెవెన్యూవాళ్ళది. అటవీ సిబ్బంది నలుగురి వల్ల కాదు.

1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ఎలుగును మొదటి షెడ్యూల్‌లో, పులితో సమానంగా ఉంచింది. అదే చట్టం పదకొండో సెక్షన్‌లో, మనిషి ప్రాణానికి ముప్పుగా మారిన జంతువు విషయంలో రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి అధికారం ఇచ్చింది. పట్టడం, మత్తివ్వడం, వేరేచోటికి తరలించడం సాధ్యం కాదని నమ్మితే చంపడానికి అనుమతి ఇవ్వొచ్చు. ఆత్మరక్షణలో జరిగిన దానికి శిక్ష లేదు. అంటే చట్టం మనుషులను గాలికి వదిలేయలేదు. వదిలేసింది దాన్ని అమలు చేయాల్సిన ఏర్పాటు.

ఖర్చులేని పనులు కొన్ని ఉన్నాయి. పిక్క తీసిన పళ్ళను ఊరి పక్క తోటల్లో అయినా కుప్పలుగా వదలకుండా గోతిలో పూడ్చడం. బడి, గుడి వెనక తిండి పారేయకపోవడం. తోట దారికి రెండు వైపులా తుప్ప కొట్టడం. మార్చి నుంచి జూన్ దాకా పిక్కలు ఏరే పని ఒక గంట ఆలస్యంగా, వెలుగొచ్చాక, నలుగురైదుగురు కలిసి మాట్లాడుకుంటూ వెళ్ళి చేయడం. దొంగతనాల భయం వల్లే చాలామంది చీకటితో వెళ్తారు, తమ పిక్కలు వేరేవాళ్ళు ఏరుకుపోతారని. కాబట్టి ఇది ఒక్కరు చేస్తే కుదరదు. తెల్లవారేదాకా ఎవరూ తోటలోకి వెళ్ళకూడదని పంచాయతీ కట్టుబాటు పెడితేనే నడుస్తుంది. గుజరాత్‌లో పరిశోధకులు గంట కట్టిన పొడవాటి కర్రను అడవి అంచు పల్లెలకు ఇచ్చి చూశారు. నడుస్తుంటే గంట మోగుతుంది, ఎలుగు ముందే తప్పుకుంటుంది. మన ఊళ్ళలో గంట దొరకడం కష్టమా? ఎద్దు మెడలోది విప్పినా చాలు.

ఖర్చయ్యే పని ఒక్కటుంది, దాన్నే ప్రభుత్వం నుంచి అడుగుతున్నాను. పలాస – కాశీబుగ్గలో ఒక పశువైద్యుడు, మత్తు తుపాకి నడిపే ఇద్దరు, ఒక పంజరం, ఒక వాహనం. ఏడాది పొడవునా కాకపోయినా ఫిబ్రవరి చివర నుంచి జూన్ చివర వరకు. వాళ్ళ ఫోన్ నంబరు ప్రతి పల్లె సచివాలయం గోడ మీద, ప్రతి జీడి ఫ్యాక్టరీ గేటు మీద పెద్ద అక్షరాలతో ఉండాలి. కబురు వెళ్ళిన అరగంటలో వాళ్ళు, వాళ్ళ కంటే ముందు పోలీసులు తోట దగ్గర ఉండాలి. సోంపేట, పలాస ఆసుపత్రుల్లో రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్ ఆ నాలుగు నెలలూ నిల్వ ఉండాలి. పంట ఎప్పుడొస్తుందో వ్యవసాయ శాఖకు తెలుసు, పిక్కల ధర ఎప్పుడు తేలుతుందో పలాస వ్యాపారులకు తెలుసు. అటవీ శాఖ తన ఏర్పాట్లను ఆ రెండు తేదీలకు ముందే సిద్ధం చేసుకోవాలి.